కర్బన చర్యలూ వర్ణపటాలూ ఒకే పాఠం

ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ చదివిన వారెవరికైనా ఆ పేర్ల జాబితా గుర్తుంటుంది. విలియమ్సన్ సంశ్లేషణ, రైమర్-టీమన్ చర్య, కానిజారో చర్య, ఆల్డాల్ సంఘననం, శాండ్‌మేయర్ చర్య, కార్బిలమీన్ చర్య. ఒక్కో పేరుకు ఒక సమీకరణం, కింద ఒక ఉదాహరణ. పబ్లిక్ పరీక్షల ముందు ఆ జాబితాను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వల్లె వేస్తారు. బీఎస్సీలో చేరాక ఇంకో జాబితా ఎదురవుతుంది. ఈసారి అంకెలు: కీటోన్ కార్బొనిల్ 1715, ఆల్కహాల్ 3300, ఆల్డిహైడ్ ప్రొటాన్ 9.7, బెంజీన్ వలయం 7.3. మొదటిది చర్యల జాబితా, రెండోది విశ్లేషణ పద్ధతుల జాబితా. వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు పేపర్లలో చదవడం వల్ల ఒకదానికీ మరొకదానికీ సంబంధం లేదన్న అభిప్రాయం విద్యార్థిలో స్థిరపడిపోతుంది. ఎమ్మెస్సీకి, నెట్‌కు, గేట్‌కు చదివేవారిలో కూడా ఇదే కనిపిస్తుంది. చర్యా విధానం చక్కగా రాసేవారు వర్ణపటం (అణువు గురించి పరికరం గీసిచ్చే పటం) చూడగానే తడబడతారు. వర్ణపటాలు చదవగలిగినవారు చర్య దగ్గర ఆగిపోతారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. అణువులో ఎలక్ట్రాన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయి, ఎక్కడ పలచబడ్డాయి అన్నదే చర్యను నిర్ణయిస్తుంది. వర్ణపటంలో మనకు కనిపించేది కూడా చాలావరకు అదే. కాబట్టి రెండింటినీ కలిపి పునశ్చరణ చేస్తే గుర్తుంచుకోవాల్సింది సగానికి తగ్గుతుంది, అర్థమయ్యేది రెట్టింపవుతుంది. ఇది పరీక్ష కోసం చెప్పే చిట్కా కాదు, ఈ శాస్త్రం నిర్మాణమే అలాంటిది.

కార్బొనిల్ దగ్గర మొదలుపెట్టండి

పునశ్చరణ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే కార్బొనిల్ సమూహం దగ్గరే అంటాను. పేరున్న చర్యల్లో పెద్ద భాగం దాని చుట్టూనే తిరుగుతుంది. కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ద్విబంధం ఉంది. ఆక్సిజన్‌కు ఋణవిద్యుదాత్మకత ఎక్కువ కనుక ఎలక్ట్రాన్లు దానివైపు జరుగుతాయి, కార్బన్ దగ్గర కొరత ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ జంట ఉన్న న్యూక్లియోఫైల్ ఏదైనా ఆ కార్బన్ మీదికే వస్తుంది. అది సయనైడ్ కావచ్చు, గ్రిన్యార్ కారకం కావచ్చు, సోడియం బోరోహైడ్రైడ్ ఇచ్చే హైడ్రైడ్ కావచ్చు, అమీన్ కావచ్చు. మొదటి అడుగు అన్నింటిలోనూ ఒకటే.

ఆ తర్వాత వేసుకోవాల్సిన ప్రశ్న: ఆ కార్బన్‌ను వదిలి వెళ్లగలిగే సమూహం ఏదైనా ఉందా? ఆల్డిహైడ్లలో, కీటోన్లలో లేదు. హైడ్రోజన్ గానీ ఆల్కైల్ సమూహం గానీ అంత తేలికగా ఎలక్ట్రాన్లతో సహా వెళ్లిపోవు. అందుకే అక్కడ జరిగేవి సంకలన చర్యలు. సయనోహైడ్రిన్ ఏర్పడటం, గ్రిన్యార్ కారకంతో ఆల్కహాల్ రావడం, బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం, 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్‌తో నారింజ రంగు అవక్షేపం, ఇవన్నీ ఆ ఒక్క కుటుంబానికి చెందినవే. చివరి దానిలో సంకలనం తర్వాత నీరు పోతుంది, తేడా అంతే. ఇక ఆమ్ల క్లోరైడ్లు, ఎన్‌హైడ్రైడ్లు, ఎస్టర్లు, అమైడ్లలో వెళ్లిపోగల సమూహం ఉంది. అక్కడ వచ్చినది చేరుతుంది, ఉన్నది వెళ్తుంది. అది ప్రతిక్షేపణ. ఎస్టర్ జలవిశ్లేషణ, అమైడ్ తయారీ, ఆస్పిరిన్ తయారీ అన్నీ ఈ రెండో కుటుంబంలోకి వస్తాయి.

రెండో ప్రశ్న: కార్బొనిల్ పక్కనున్న కార్బన్ మీద హైడ్రోజన్ ఉందా? ఉంటే క్షారం దాన్ని ప్రొటాన్‌గా లాగేస్తుంది. మిగిలిన ఎలక్ట్రాన్ జంట ఇంకో కార్బొనిల్ కార్బన్ మీదికి వెళ్తుంది, అది ఆల్డాల్. హైడ్రోజన్ లేకపోతే క్షారానికి ఆ దారి మూసుకుపోతుంది. గాఢ క్షారంలో హైడ్రాక్సైడే నేరుగా కార్బొనిల్ కార్బన్‌తో కలుస్తుంది, అక్కడి నుంచి హైడ్రైడ్ మరో ఆల్డిహైడ్ అణువులోకి దూకుతుంది. ఒకటి ఆమ్ల లవణంగా ఆక్సీకరణం చెందుతుంది, మరొకటి ఆల్కహాల్‌గా క్షయకరణం చెందుతుంది. 1853లో కానిజారో బెంజాల్డిహైడ్‌తో చూసినది ఇదే. ఆల్డాల్, కానిజారో చర్యలను రెండు వేర్వేరు పేజీల్లో చదివిన విద్యార్థికి అవి రెండు విషయాలుగా కనిపిస్తాయి. పక్క హైడ్రోజన్ ఉందా లేదా అన్న ఒకే ప్రశ్నకు అవి రెండు జవాబులని చూసిన విద్యార్థి మళ్లీ మరిచిపోడు.

ఇప్పుడు ఐఆర్ (పరారుణ కిరణాల శోషణ) పట్టికను ముందు పెట్టుకోండి. బంధం అంటే రెండు బరువుల మధ్య బిగించిన స్ప్రింగు అనుకుంటే, స్ప్రింగు ఎంత బిగువుగా ఉంటే కంపనం అంత వేగంగా ఉంటుంది, బరువులు ఎంత తేలికైతే అంత వేగంగా ఉంటుంది. ఆ కంపన వేగాన్ని సెంటీమీటరుకు ఇన్ని తరంగాలు అనే లెక్కలో తరంగ సంఖ్యగా రాస్తారు. ఆమ్ల క్లోరైడ్‌లో కార్బొనిల్ సుమారు 1800 దగ్గర, ఎస్టర్‌లో 1740 దగ్గర, అమైడ్‌లో 1650 నుంచి 1690 మధ్య శోషిస్తుంది. న్యూక్లియోఫైల్‌తో ఎవరు ఎంత చురుగ్గా చర్య జరుపుతారు? మొదట ఆమ్ల క్లోరైడ్, తర్వాత ఎస్టర్, చివరికి అమైడ్. అంకెలు దిగే క్రమమూ, చురుకుదనం తగ్గే క్రమమూ ఒకటే.

ఇది కాకతాళీయం కాదు. అమైడ్‌లో నైట్రోజన్ తన ఒంటరి జంటను కార్బొనిల్ వైపు పంచుతుంది. దానివల్ల కార్బన్‌కు ఉన్న కొరత కొంత తీరుతుంది, న్యూక్లియోఫైల్‌కు ఆకర్షణ తగ్గుతుంది. అదే పంపకం వల్ల కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం కొంత ఏకబంధంలా మారి వదులవుతుంది, తరంగ సంఖ్య దిగుతుంది. ఎస్టర్‌లోని ఆక్సిజన్ అంత ఉదారంగా పంచదు. క్లోరిన్ దాదాపు పంచనే పంచదు, పైగా ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది. పట్టికలో మనం రెండు చోట్ల బట్టీ పట్టినది ఒకే కారణానికి రెండు ముఖాలు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆల్డిహైడ్లను, కీటోన్లను ఈ వరుసలో ఇరికించకూడదు. వాటిలో వెళ్లిపోయే సమూహమే లేదు కనుక వాటి చర్య వేరు, పోలిక కుదరదు. అలాగే కార్బాక్సిలిక్ ఆమ్లం 1710 దగ్గర కనిపించడానికి దాని అణువులు జంటలుగా హైడ్రోజన్ బంధాలతో ముడిపడి ఉండటం కూడా ఒక కారణం.

వలయం మీద ఎక్కడ దాడి జరుగుతుందో ఎన్‌ఎంఆర్ చూపిస్తుంది

బెంజీన్ వలయం మీద మొదటి సమూహం రెండో సమూహాన్ని ఎక్కడికి పంపుతుందన్నది ఇంటర్ విద్యార్థులు అత్యధికంగా బట్టీ పట్టే పాఠం. మిథాక్సీ ఆర్థో (పక్క), పారా (ఎదురు) స్థానాలకు పంపుతుంది. నైట్రో మెటా (ఒకటి వదిలి తర్వాతి) స్థానానికి పంపుతుంది. మిథాక్సీ ఉన్న బెంజీన్ అయిన ఎనిసోల్ ప్రొటాన్ ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాల అనునాదం) వర్ణపటాన్ని ఒకసారి చూడండి. ఆర్థో, పారా ప్రొటాన్లు సుమారు 6.9 పీపీఎం (ఎన్‌ఎంఆర్ పీక్ స్థానాన్ని చెప్పే కొలమానం) దగ్గర ఉంటాయి, మెటా ప్రొటాన్లు 7.3 దగ్గర ఉంటాయి. ఎలక్ట్రాన్లు దట్టంగా ఉన్నచోట ప్రొటాన్‌కు బయటి అయస్కాంత క్షేత్రం నుంచి కొంత రక్షణ దొరుకుతుంది, అందుకే దాని పీక్ తక్కువ పీపీఎం వైపు జరుగుతుంది. అంటే ఎలక్ట్రోఫైల్‌ను (ఎలక్ట్రాన్లు కోరే కారకాన్ని) పిలిచే స్థానాలు ఏవో వర్ణపటమే చెబుతోంది. నైట్రోబెంజీన్‌లో దీనికి తిరగబడిన చిత్రం ఉంటుంది. ఆర్థో ప్రొటాన్లు 8.2 దగ్గర, పారా 7.7 దగ్గర, మెటా 7.5 దగ్గర ఉంటాయి. మూడు స్థానాలూ ఎలక్ట్రాన్లు కోల్పోయాయి, వాటిలో తక్కువ కోల్పోయినది మెటా. నైట్రో సమూహం మెటాను కోరి ఎంచుకోదు, మిగతా రెండింటినీ ఎక్కువగా పాడుచేస్తుంది. ఆర్థో స్థానం అంకెలో పక్కనున్న సమూహపు అయస్కాంత ప్రభావం కూడా కొంత కలిసి ఉంటుంది, కనుక అంకెలను తూకం వేసినంత కచ్చితంగా పోల్చకూడదు. దిశ మాత్రం నమ్మదగినది.

ఆల్డాల్ దగ్గర చెప్పుకున్న పక్క హైడ్రోజన్ ఆమ్ల స్వభావం కూడా ఇలాగే కళ్లకు కడుతుంది. ఎసిటోన్‌ను భారజలంలో కొద్దిపాటి క్షారంతో ఉంచితే 2.1 దగ్గరున్న పీక్ క్రమంగా తగ్గి మాయమవుతుంది. క్షారం ప్రొటాన్‌ను తీసేస్తోంది, తిరిగి వచ్చేది డ్యుటీరియం. ప్రొటాన్ ఎన్‌ఎంఆర్ కొలిచే పౌనఃపున్యంలో డ్యుటీరియం కనిపించదు. ఆల్డాల్ మొదటి అడుగుకు ఇంతకంటే సూటి సాక్ష్యం ఉండదు.

ఏ పరికరాన్ని ఏ ప్రశ్న అడగాలి

విశ్లేషణ పద్ధతుల్లో గందరగోళం ఎక్కువగా ఒక పరికరాన్ని అడగాల్సిన ప్రశ్న ఇంకో పరికరాన్ని అడగడం వల్ల వస్తుంది. గొట్టంలో ఎన్ని పదార్థాలున్నాయి అన్న ప్రశ్న మిశ్రమాన్ని విడదీసే క్రోమటోగ్రఫీది. వాటిని విడదీయకుండా వర్ణపటం తీస్తే ఇద్దరు మనుషుల వేలిముద్రలను ఒకదానిపై ఒకటి చూసినట్టే అవుతుంది, దేన్నీ నమ్మలేం. అణువు బరువెంత, ఎక్కడ విరుగుతుంది అన్న ప్రశ్న మాస్ స్పెక్ట్రోమీటర్‌ది. ఏ ప్రమేయ సమూహాలున్నాయి అన్నది ఐఆర్‌ది. ఎవరి పక్కన ఎవరున్నారు అన్నది ఎన్‌ఎంఆర్‌ది.

ఐఆర్‌లో ఉన్నదానికంటే లేనిదే బలమైన సాక్ష్యమని విద్యార్థులకు పదేపదే చెప్పాలి. 3300 దగ్గర వెడల్పాటి పట్టీ కనిపిస్తే అది ఆల్కహాల్ కావచ్చు, ఆరని నమూనాలోని తేమ కూడా కావచ్చు. నమూనాను కలిపి బిళ్ల చేసే పొటాషియం బ్రోమైడ్ గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. కానీ 1650 నుంచి 1820 వరకు బలమైన పీక్ ఏదీ లేకపోతే ఆ అణువులో కార్బొనిల్ లేదని ధైర్యంగా కొట్టేయవచ్చు. అలా ఒక్క చూపుతో కొన్ని కుటుంబాలు పక్కకు తప్పుకుంటాయి.

మాస్ వర్ణపటంలో మొదట చూడాల్సింది పెద్ద పీక్ కాదు, కుడి చివరనున్న పీక్ సమూహం. అక్కడ రెండు ప్రమాణాల తేడాతో దాదాపు సమాన ఎత్తులో రెండు పీక్‌లుంటే బ్రోమిన్ ఉంది. మూడుకు ఒకటి నిష్పత్తిలో ఉంటే క్లోరిన్ ఉంది. ఆ మూలకాల ఐసోటోపులు ప్రకృతిలో ఉన్న నిష్పత్తే అది. అణు అయాన్ (విరగని అణువు) ద్రవ్యరాశి బేసి సంఖ్య అయితే నైట్రోజన్ పరమాణువుల సంఖ్య బేసి అని అనుమానించాలి. ఆల్కహాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. అవి నీటిని కోల్పోవడానికి ఎంత సిద్ధంగా ఉంటాయంటే అసలు అణు అయాన్ కనిపించకపోవచ్చు, దానికి 18 తక్కువలో ఉన్న పీకే చివరిదిగా అనిపించవచ్చు. ఇక్కడ కూడా చర్య గుర్తుకు రావాలి. ఆమ్లంతో వేడిచేస్తే ఆల్కహాల్ నీటిని కోల్పోయి ఆల్కీన్ అవుతుందని మనం ముందే చదివాం. పరిస్థితులు వేరైనా అణువుకు విరగడానికి అనువైన చోటు ఒకటే.

ఎన్‌ఎంఆర్‌కు చిన్న చరిత్ర చెప్పాలనిపిస్తుంది. 1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ బృందాలు ఈ అనునాదాన్ని విడివిడిగా కనుగొన్నాయి. 1952లో ఇద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి అది భౌతికశాస్త్రుల సొత్తు. దాన్ని కర్బన రసాయనజ్ఞుల చేతికి తెచ్చినది 1951లో స్టాన్‌ఫర్డ్‌లోనే వెలువడిన చిన్న ఫలితం. ఇథనాల్‌కు ఒకటి కాదు, మూడు పీక్‌లున్నాయని, వాటి వైశాల్యాలు 3:2:1 నిష్పత్తిలో ఉన్నాయని ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకర్డ్ చూపారు. మిథైల్‌లో మూడు, మిథిలీన్‌లో రెండు, హైడ్రాక్సిల్‌లో ఒకటి. కాగితం మీద గీసుకునే నిర్మాణం పరికరంలోంచి అలాగే బయటికి వచ్చింది. ఆ ముగ్గురిలో ధర్మట్టి భారతీయుడు. ఆ తర్వాత ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్‌ఎంఆర్ పరిశోధనకు పునాది వేసింది ఆయనే. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు, ఉండాలి.

88 ద్రవ్యరాశి ఉన్న ఒక ద్రవం

ఒక లెక్క పూర్తిగా చేద్దాం. పండ్ల వాసనున్న రంగులేని ద్రవం. అణు ద్రవ్యరాశి 88, నాలుగు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. నాలుగు కార్బన్లు పూర్తిగా సంతృప్తం కావాలంటే పది హైడ్రోజన్లు కావాలి. రెండు తక్కువయ్యాయి కాబట్టి ఒక ద్విబంధం గానీ ఒక వలయం గానీ ఉంది. ఐఆర్‌లో 1740 దగ్గర బలమైన పీక్ ఉంది, కనుక ఆ ద్విబంధం కార్బొనిల్. 2500 నుంచి 3300 వరకు పరుచుకునే వెడల్పాటి పట్టీ లేదు, కనుక బ్యుటనోయిక్ ఆమ్లం కాదు. 3300 దగ్గర కూడా ఏమీ లేదు, ఆల్కహాల్ కాదు. ఎస్టర్ అని నిర్ణయించవచ్చు.

ప్రొటాన్ ఎన్‌ఎంఆర్‌లో మూడు సంకేతాలున్నాయి. ఒకటి మూడు ప్రొటాన్ల ఏకరేఖ, ఇంకోటి మూడు ప్రొటాన్ల త్రిరేఖ, మరోటి రెండు ప్రొటాన్ల చతుర్రేఖ. 8 దగ్గర ఏమీ లేదు కనుక ఫార్మేట్ ఎస్టర్లు తప్పుకున్నాయి. ఇక త్రిరేఖ, చతుర్రేఖ కలిసి కనిపిస్తే ఇథైల్ సమూహం. మిథైల్ పక్కన రెండు ప్రొటాన్లున్నాయి కనుక అది మూడుగా, మిథిలీన్ పక్కన మూడు ప్రొటాన్లున్నాయి కనుక అది నాలుగుగా చీలుతుంది. ఇక్కడే చాలామంది “ఇథైల్ అసిటేట్” అని రాసి పెన్ను కింద పెట్టేస్తారు. కానీ మిథైల్ ప్రొపనోయేట్‌కు కూడా సరిగ్గా ఇవే మూడు సంకేతాలు, ఇవే చీలికలు, ఇవే నిష్పత్తులు వస్తాయి. ఐఆర్ కూడా రెండింటికీ దాదాపు ఒకటే.

తేడా పీక్ స్థానంలో ఉంది. ఆక్సిజన్‌కు అంటుకున్న కార్బన్ ప్రొటాన్లకు ఎలక్ట్రాన్లు కరువు, అవి 4 వైపు జరుగుతాయి. కార్బొనిల్‌కు అంటుకున్నవి 2 చుట్టూ ఉంటాయి. ఇథైల్ అసిటేట్‌లో ఆక్సిజన్ పక్కనున్నది మిథిలీన్, కనుక చతుర్రేఖ 4.1 దగ్గర, ఏకరేఖ 2.0 దగ్గర వస్తాయి. మిథైల్ ప్రొపనోయేట్‌లో ఆక్సిజన్ పక్కనున్నది మిథైల్, కనుక ఏకరేఖ 3.7 దగ్గర, చతుర్రేఖ 2.3 దగ్గర వస్తాయి. మన నమూనాలో చతుర్రేఖ 4.1 దగ్గరే ఉందనుకోండి. అది ఇథైల్ అసిటేట్. మాస్ వర్ణపటం దీన్ని సమర్థించాలి. కార్బొనిల్ పక్క బంధం విరిగితే అసిటైల్ అయాన్ వస్తుంది, ద్రవ్యరాశి 43. మిథైల్ ప్రొపనోయేట్ అయితే అదే చోట విరిగి 57 ఇచ్చేది.

చివరి నిర్ధారణ పరీక్షనాళికలో చేయండి. ఎస్టర్‌ను క్షారంతో జలవిశ్లేషణ చేసి, వచ్చిన ఆల్కహాల్‌ను స్వేదనంతో వేరుచేసి, అయోడిన్, క్షారంతో పరీక్షించండి. ఇథనాల్ అయితే పసుపుపచ్చని అయొడోఫామ్ అవక్షేపం వస్తుంది. మిథనాల్ అయితే రాదు. అయొడోఫామ్ చర్యను “తెలిసిన చర్య”గా చదివినవారికి ఇక్కడ అది ఒక పరికరంగా మారుతుంది. వందేళ్ల క్రితం ఎన్‌ఎంఆర్ లేనప్పుడు రసాయనజ్ఞులు అణువు నిర్మాణాన్ని నిర్ణయించినది ఇలాంటి చర్యలతోనే.

ఈ రసాయన పరీక్షల్లో కొన్ని మినహాయింపులను రాత పరీక్షల్లో తరచూ అడుగుతారు, వాటికి కారణాలు తెలుసుకుంటే మరువరు. బెంజాల్డిహైడ్ టాలెన్స్ కారకంతో వెండి అద్దం ఇస్తుంది, ఫెహ్లింగ్ ద్రావణంతో ఎర్రని అవక్షేపం ఇవ్వదు. అయొడోఫామ్ ఇచ్చే ప్రైమరీ ఆల్కహాల్ ఇథనాల్ ఒక్కటే, ఆల్డిహైడ్ ఎసిటాల్డిహైడ్ ఒక్కటే. ల్యూకాస్ పరీక్షలో టెర్షియరీ ఆల్కహాల్ వెంటనే మసకబారుతుంది, సెకండరీ కొన్ని నిమిషాల్లో, ప్రైమరీ గది ఉష్ణోగ్రత దగ్గర మసకబారదు. ఎస్‌ఎన్1 (ముందు ఉన్నది వెళ్లాక న్యూక్లియోఫైల్ చేరే ప్రతిక్షేపణ) పాఠంలో కార్బోకాటయాన్ (కార్బన్ మీద ధనావేశమున్న అయాన్) స్థిరత్వం గురించి రాసుకున్న క్రమాన్ని ఇక్కడ గడియారం పెట్టుకుని చూస్తున్నాం.

విధానం నిజమని ఎలా తెలిసింది

చర్యా విధానాల్లో గీసే వంకర బాణాలను విద్యార్థులు తరచూ ఒక సంప్రదాయంగా, గురువు చెప్పాడు కాబట్టి గీయాల్సినవిగా భావిస్తారు. వాటి వెనుక కొలతలున్నాయి. ఎస్టరీకరణలో ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఎస్టర్, నీరు ఇస్తాయి. ఆ నీటిలోని ఆక్సిజన్ ఎవరిది? ఆమ్లానిదా, ఆల్కహాల్‌దా? సమీకరణం ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. 1938లో రాబర్ట్స్, యూరీ భార ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న మిథనాల్‌ను బెంజోయిక్ ఆమ్లంతో చర్య జరిపించి, ఏర్పడిన నీటిని పరీక్షించారు. ఆ భార ఆక్సిజన్ నీటిలోకి రాలేదు, ఎస్టర్‌లోనే ఉండిపోయింది. అంటే ఆల్కహాల్ తన ఆక్సిజన్‌తో సహా కార్బొనిల్ మీదికి వచ్చింది, హైడ్రాక్సిల్ వదిలింది ఆమ్లమే. మనం మొదట చెప్పుకున్న “వచ్చినది చేరుతుంది, ఉన్నది వెళ్తుంది” అన్న మాటకు ఇది నిరూపణ.

ఎస్‌ఎన్2 (రావడం, వెళ్లడం ఒకే అడుగులో జరిగే ప్రతిక్షేపణ) విషయంలో ఆ పని కాంతి భ్రమణాన్ని కొలిచే పోలారిమీటర్ చేసింది. 1896లో వాల్డెన్ ప్రతిక్షేపణ సమయంలో అణువు ఆకృతి తిరగబడగలదని చూపాడు. 1930లలో హ్యూస్, ఇంగోల్డ్ వేగాలను, కాంతి భ్రమణాన్ని కలిపి కొలిచి ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2 అనే రెండు దారులను వేరుచేశారు. ఆకృతి పూర్తిగా తిరగబడితే న్యూక్లియోఫైల్ వెనుకనుంచి వచ్చింది. భ్రమణం చాలావరకు పోయిందంటే మధ్యలో చదునైన కార్బోకాటయాన్ ఏర్పడింది.

మన దగ్గర ఈ విశ్లేషణ సంప్రదాయానికి గర్వించదగిన పేరు ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి నీలి రంగు గాఢతను బట్టి ఫాస్ఫేట్ పరిమాణాన్ని చెబుతుంది. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని వారు కనుగొనగలిగారు. కొలవడం చేతనైన తర్వాతే కొత్త అణువు కనిపించింది.

పుస్తకంలో ఒక్క వాక్యం, ప్రపంచమంతా వెనక్కి వచ్చిన మందులు

అమీన్ల పాఠంలో నైట్రస్ ఆమ్లంతో చర్య ఉంటుంది. ప్రైమరీ ఎరోమాటిక్ అమీన్ చల్లని స్థితిలో డయజోనియం లవణం ఇస్తుంది, సెకండరీ అమీన్ పసుపు రంగు నూనెలాంటి నైట్రోసమీన్ ఇస్తుంది. ఈ రెండో వాక్యాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తాం. 2018 జులైలో రక్తపోటుకు వాడే వల్సార్టాన్ మాత్రలను అనేక దేశాలు మార్కెట్ నుంచి వెనక్కి రప్పించాయి. అందులో ఎన్-నైట్రోసోడైమిథైలమీన్ అనే మలినం బయటపడింది, అది క్యాన్సర్ కలిగించగలదని భావించే పదార్థం. ఎలా వచ్చింది? తయారీలో ఒక దశలో డైమిథైల్‌ఫార్మమైడ్ ద్రావణి వాడారు. అది కొంత విచ్ఛిన్నమై డైమిథైలమీన్ ఇస్తుంది. అది సెకండరీ అమీన్. చర్య తర్వాత మిగిలిన ఎజైడ్ కారకాన్ని నాశనం చేయడానికి సోడియం నైట్రైట్, ఆమ్లం కలిపారు. అది నైట్రస్ ఆమ్లం. మిగిలినది పుస్తకంలోని ఆ ఒక్క వాక్యమే.

విశ్లేషణ వైపు చూస్తే పాఠం ఇంకా గట్టిది. ఆ మందు నాణ్యతను తనిఖీ చేసే మామూలు హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రోమటోగ్రఫీ) పద్ధతి తాను వెతకాలని ముందే నిర్ణయించిన మలినాలనే వెతుకుతుంది. 74 ద్రవ్యరాశి ఉన్న ఈ చిన్న అణువు కోసం ఎవరూ వెతకలేదు, అందుకే దొరకలేదు. గ్యాస్ క్రోమటోగ్రఫీతో మాస్ స్పెక్ట్రోమీటర్‌ను జతచేసి వెతికినప్పుడు దొరికింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి రోజుకు 96 నానోగ్రాముల పరిమితి పెట్టింది. ఆ తర్వాత తయారీదారులందరూ తమ ప్రక్రియల్లో నైట్రోసమీన్లు ఏర్పడే అవకాశాన్ని పరిశీలించుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న బల్క్ డ్రగ్ పరిశ్రమకు కూడా ఇది రోజువారీ పనిలో భాగమైంది. ఏ మలినం కోసం వెతకాలో పరికరం చెప్పదు. చర్యలు తెలిసిన మనిషి చెప్పాలి. క్వాలిటీ కంట్రోల్‌లో ఉద్యోగం చేయబోయే మన విద్యార్థులు చర్యల పాఠాన్ని “అయిపోయిన సిలబస్”గా వదిలేస్తే నాకు బాధ కలిగేది ఇందుకే.

కాగితం మీద ఎలా చేయాలి

పునశ్చరణకు నేను సూచించే పద్ధతి ఒకటే. తెల్ల కాగితం మీద ఒక చర్య రాయండి. బాణానికి ఎడమవైపు అణువు, కుడివైపు అణువు. కింద రెండు వరుసలు గీసి, ఐఆర్‌లో ఏ పీక్ పోతుంది, ఏది వస్తుంది, ఎన్‌ఎంఆర్‌లో ఏది ఎటు జరుగుతుంది, ద్రవ్యరాశి ఎంత మారుతుంది అని పుస్తకం చూడకుండా ఊహించి రాయండి. ఇథనాల్ నుంచి ఎసిటాల్డిహైడ్‌కు వెళ్తే 3300 పట్టీ పోవాలి, 1730 దగ్గర పీక్ రావాలి, 2720 దగ్గర ఆల్డిహైడ్ హైడ్రోజన్ గుర్తు కనిపించాలి, ఎన్‌ఎంఆర్‌లో 9.8 దగ్గర కొత్త సంకేతం రావాలి, ద్రవ్యరాశి రెండు తగ్గాలి. ఇంకా ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లమైతే 9.8 సంకేతం పోయి, 2500 నుంచి 3300 వరకు ఆ వెడల్పాటి పట్టీ పరుచుకోవాలి. ఊహించలేకపోయిన చోట ఆగి, అక్కడ మాత్రమే పుస్తకం తెరవండి.

కొంచెం కష్టమైనది పారాసిటమాల్. 4-అమినోఫినాల్‌ను ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపిస్తారు. అణువులో రెండు న్యూక్లియోఫైల్ స్థానాలున్నాయి, నైట్రోజన్, ఫినాల్ ఆక్సిజన్. నైట్రోజన్ తన జంటను ఇవ్వడానికి ఎక్కువ సిద్ధం కనుక ఎసిటైల్ దాని మీదే చేరుతుంది. ఒకవేళ ఆక్సిజన్ మీద చేరి ఉంటే? ఫార్ములా ఒకటే, నిర్మాణం వేరైన ఈ రెండు సాదృశ్యకాల ద్రవ్యరాశీ 151. రెండూ 42 కోల్పోయి 109 ఇవ్వగలవు, కాబట్టి మాస్ తీర్పు చెప్పలేదు. ఐఆర్ చెబుతుంది. అసలైన పారాసిటమాల్‌కు 1650 చుట్టూ అమైడ్ కార్బొనిల్ ఉంటుంది. ఆక్సిజన్ మీద చేరినదానికి 1750 దాటిన చోట ఎస్టర్ కార్బొనిల్, ప్రైమరీ అమీన్‌కు గుర్తైన రెండు పీక్‌లు ఉంటాయి. పరీక్షనాళిక కూడా చెబుతుంది. పారాసిటమాల్‌లో ఫినాల్ స్వేచ్ఛగా ఉంది కనుక ఫెర్రిక్ క్లోరైడ్‌తో నీలి-ఊదా రంగు వస్తుంది. ప్రైమరీ ఎరోమాటిక్ అమీన్ లేదు కనుక చల్లని నైట్రస్ ఆమ్లం, తర్వాత 2-నాఫ్తాల్ క్షార ద్రావణం కలిపినా ఎరుపు-నారింజ ఎజో రంగు రాదు. వచ్చిందంటే చర్య జరపని 4-అమినోఫినాల్ మిగిలి ఉండవచ్చు, లేదా అమైడ్ జలవిశ్లేషణ చెంది ఉండవచ్చు. ఆ రెండింటిలో ఏదో తేల్చాలంటే తయారైన వెంటనే ఒకసారి, కొంతకాలం నిల్వ ఉంచాక మరోసారి క్రోమటోగ్రఫీ చేసి, ఆ మలినం పెరిగిందా అని చూడాలి.

ఇదే కసరత్తు ఇప్పుడు ఆస్పిరిన్ మీద మీరు చేయండి. సాలిసిలిక్ ఆమ్లం ఆస్పిరిన్‌గా మారుతున్నప్పుడు ఫెర్రిక్ క్లోరైడ్ రంగు ఎందుకు పోతుంది, ఐఆర్‌లో రెండు కార్బొనిల్ పీక్‌లు ఎక్కడెక్కడ రావాలి, ద్రవ్యరాశి 138 నుంచి 180కి ఎలా పెరుగుతుంది, పాతబడిన మాత్ర సీసాలో వెనిగర్ వాసన వస్తే ఏ చర్య జరిగినట్టు?